జెరాక్స్ షాపులో ఆనందమ్మ గారి పెట్టె

గుడివాడలో మా వీధిలో గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం రాని మనిషి అరుదు. అది ఆనందమ్మ గారి చలవ. బందరులో ముప్పయ్యేళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా వీధి చివరి డాబాలో దిగారు. మనిషి పొట్టి. గొంతు మాత్రం రెండు వీధులకు సరిపోయేది.

ఆవిడ భర్త రాజబాబు గారు 2003లో పామర్రు సెంటర్లో బస్సు కోసం చూస్తూ కుప్పకూలారు. బండి దొరికేదాకా ఆవిడ రోడ్డు మీదే మోకాళ్లపై కూర్చుని ఆయన ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. చుట్టూ నలభై మంది నిలబడ్డారు గానీ, చెయ్యి మార్చుకోవడానికి ఒక్కరికీ తెలియదు. ఆయన దక్కలేదు. ఆ సంగతి మా అమ్మతో ఒక్కసారే చెప్పారు.

"నొక్కితే రక్తం తిరుగుద్దమ్మా. గిలగిల్లాడే గుండె దారిలో పడాలంటే షాకు ఇవ్వాలి. ఆ షాకు పెట్టేమో బందర్లో ఉంది, మేం పామర్రులో ఉన్నాం."

2007లో, బందరులో ఆవిడ పనిచేసిన ఆసుపత్రి డాక్టరు గారు కొత్త షాకు పెట్టె కొనుక్కుని, పాతదానికి కొత్త బ్యాటరీ వేయించి ఆవిడకిచ్చారు. ఇంట్లో పెడితే తను చర్చికి వెళ్లినప్పుడు తలుపుకి తాళం ఉంటుందని, దాన్ని సాంబశివరావు జెరాక్స్ షాపులో పెట్టించారు. అతను తెల్లవారకముందే షాపు తీసే రకం. మొదట్లో జనం దాన్ని ఇన్వర్టర్ అనుకుని సెల్‌ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటామని అడిగేవారు. దసరాకి సాంబశివరావు దానికి దండ వేసి కుంకుమ పెట్టాడు. ఆవిడ బొట్టు ఎక్కడైనా పెట్టుకోమని, బటన్ మీద మాత్రం వద్దని చెప్పి, పైట చెంగుతో అంతవరకే తుడిచారు.

ప్రతి ఆదివారం సాయంత్రం షాపు అరుగు మీద దిండుతో క్లాసు. టీకొట్టు సరోజ నొక్కుడుకి రెండు దిండ్లు పిగిలి దూది బయటకొచ్చింది. చిక్కల్లా పెట్టె ఇంగ్లీషులో మాట్లాడటమే. రిటైర్డ్ హెడ్‌మాస్టరు వెంకట్రామయ్య గారు దాని మాటలన్నీ తెలుగులో అట్ట మీద రాసిచ్చారు. అందులో 'రోగిని స్పృశించరాదు' అని ఉంది.

"మాస్టారూ, అది చదివేలోపు మనిషి పోతాడండీ. 'ముట్టుకోవద్దు' అని రాయండి" అన్నారు ఆనందమ్మ గారు.

ఆయన వారం రోజులు అలిగారు. తర్వాత తిరగరాశారు.

మరుసటి ఏడు ఆషాఢంలో ఒక ఉదయం, వెంకట్రామయ్య గారు సరోజ కొట్టు దగ్గర పేపర్లో అచ్చుతప్పులు వెతుకుతూ టీ గ్లాసుతో సహా పడిపోయారు. ఆనందమ్మ గారు ఆ రోజు నాగాయలంకలో చుట్టాలింట్లో ఉన్నారు. సరోజ భుజాలు తట్టి పిలిచింది. పలుకు లేదు, ఊపిరి లేదు. ఎవరినో 108కి ఫోన్ చెయ్యమని చెప్పి నొక్కడం మొదలుపెట్టింది. సాంబశివరావు పెట్టె తెచ్చి, కాగితాల కత్తెరతో చొక్కా కోసి, ఒంటి మీద ఒలికిన టీని తువ్వాలుతో తుడిచి, పెట్టె తీగలకున్న రెండు అతుకులూ వాటి మీది బొమ్మలో ఉన్నచోటే అంటించాడు. పెట్టె ఇంగ్లీషులో ఏదో అంది. సాంబశివరావు అట్ట చూసి "ముట్టుకోవద్దు" అని అరిచిన అరుపుకి, రోడ్డు అవతల సైకిల్ పట్టుకున్నాయన కూడా చెయ్యి తీసేశాడు.

సాంబశివరావు బటన్ నొక్కాడు. మాస్టారి ఒళ్లు ఒక్కసారి ఎగిరిపడింది. పెట్టె మళ్లీ ఛాతీ నొక్కమంది. సరోజ నొక్కింది. రెండో నిమిషంలో మాస్టారు చెయ్యెత్తి ఆమె చేతిని తోసేయబోయారు. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. విజయవాడలో గుండెకి స్టెంటు వేశారు.

సాయంత్రం బస్సు దిగిన ఆనందమ్మ గారికి వీధంతా తలో ముక్కా చెప్పింది. ఆవిడ సరోజని ఒక్క ప్రశ్నే అడిగారు.

"మధ్యలో ఆపలేదు కదా?"

"షాకు ఇచ్చినప్పుడే తీశానండీ."

ఆనందమ్మ గారు బల్ల మీద కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. మేం ఆవిడ ఏడవగా చూడటం అదే మొదలు.

నెలకి తిరిగొచ్చిన మాస్టారు, పక్కటెముకలు రెండు విరిగాయని ఆనందమ్మ గారికి సరోజ మీద ఫిర్యాదు చేశారు. దిండుకైతే ఎముకలుండవు కదండీ, నాకేం తెలుసు అందామె. మాస్టారు బతికిన సంగతి నందివాడ దాకా పాకింది. అక్కడి రైతులు మాకూ పెట్టె కావాలని వచ్చారు. పెట్టె ఎప్పుడో వస్తుంది, ముందు చేతులతో నొక్కడం నేర్చుకోండి అని ఆనందమ్మ గారు మంగళవారం పొద్దుటి బస్సుకి నందివాడ బయల్దేరారు.