పై వరుసను తాకిన గీత

ప్రెస్సులో అందరూ ఆమెను చీమగీతలమ్మ అనేవారు. నగరపాలక కార్యాలయం అచ్చువేయించే నివేదికల్లో, వాక్యాల మధ్య బుల్లి బుల్లి గీతలు పెట్టేది ఆమే. ఫలానా భవనం గోడలో పగులు ఎలా పెరుగుతోందో చెప్పే చోట, ఆ మాట పక్కనే, అక్షరమంత ఎత్తులో ఒక వంకర గీత. చదివేవాళ్లు పేజీలు తిప్పి పెద్ద పటం వెతుక్కోనక్కర్లేదు. అంకెలు ఇస్తే కంప్యూటరే గీస్తుంది కానీ, దాన్ని కొమ్ములకూ వత్తులకూ తగలకుండా వరుసలో ఇమడ్చడం ఆమె పనితనం.

ఇన్నేళ్లూ ప్రతి గీతనూ అక్షరం ఎత్తుకు సరిపడేలా సాగదీసో కుదించో పెట్టేది. అన్నీ ఒకే తీరుగా, ముచ్చటగా కనిపించేవి. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఇంజనీరు ఫోన్ చేశాడు.

"అన్నిటికీ ఒకటే కొలత పెట్టండమ్మా. ఏ గోడ ఎక్కువ కదిలిందో చూడగానే తెలియాలి."

ఆమె మార్చింది. గీతలన్నీ ఒక్కసారిగా నేల కరుచుకున్నాయి. ఒక్కటి మాత్రం నిటారుగా లేచి పై వరుసలోని అక్షరాల్లోకి దూసుకుపోయింది. అంకెలు తప్పు కొట్టానేమోనని సరిచూసుకుంది. తప్పు లేదు. వాక్యం మొదటికి వెళ్లి భవనం పేరు చదివింది. అది బస్సు డిపో వెనక నాలుగంతస్తుల భవనం. రెండో అంతస్తులో ఆమె అక్క కాపురం.

ప్రెస్సు యజమాని భుజం మీదుగా తొంగిచూశాడు. "అదేంటి, వరుస చెడింది? కాస్త నొక్కెయ్."

ఆమె ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగింది.

"నొక్కొద్దమ్మా, అలాగే ఉంచండి. ఖాళీ చేయించమని నేనూ రాశాను. పైవాళ్ల సంతకం కావాలి."

"ఎప్పటికొస్తుందండీ?"

"అదే నాకూ తెలియట్లేదు."

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లేసరికి బావ తలుపు అంచుకు చిత్రిక పడుతున్నాడు. "రా మరదలా. ఈ తలుపు మూసుకుని చావట్లేదు. వానకి ఉబ్బింది."

వాన పడి నెలలైంది.

ఆమె సంగతంతా చెప్పింది. బావ నవ్వాడు. "వెంట్రుకంత గీత చూసి ఇల్లొదిలెయ్యమంటావా? మీ ఇంట్లో నాకు కాళ్లు చాపుకునే చోటన్నా ఉందా?"

అక్క నవ్వలేదు. చెల్లెల్ని వంటింట్లోకి తీసుకెళ్లి అలమర వెనక పగులు చూపించింది. వేలు కణుపు దాకా దిగింది. "మొన్నటిదాకా గోరు కూడా పట్టేది కాదే. ఆయనకి చెప్తే నీ కళ్లకే కనిపిస్తాయంటారు."

అక్క పట్టు విడవకపోవడంతో బావ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. మర్నాడు పొద్దున సంచులతో ముగ్గురూ మెట్లు దిగారు. కింద మెట్ల పక్క గదిలోని దర్జీ మిషను ఆపి తలెత్తాడు. "ప్రయాణమా అమ్మా?"

"కొన్నాళ్లు చెల్లెలింట్లో ఉందామని," అంది అక్క.

పక్కనున్న చెల్లెలు నోరు తెరిచింది. సంతకం కాని మాట బయట పెడితే ఇంజనీరు ఉద్యోగానికి ఏమవుతుందో, తీరా ఏమీ కాకపోతే భవనమంతా ఎలా నవ్వుతుందో. "జాగ్రత్తండీ," అని మాత్రం అనగలిగింది.

"నాకేంటమ్మా, నేను కిందే ఉన్నాగా."

నివేదిక ఇంకా అచ్చుకు ఎక్కకముందే, ఒక మధ్యాహ్నం భవనం మెట్లవైపు సగం కూలింది. పిల్లలు బడిలో, పెద్దలు పనుల్లో ఉన్నారు. దర్జీ మిషను ముందున్నాడు. బతకలేదు.

ఆ పూట బావ కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "అతనికి చెప్పాల్సింది," అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు. ఆమె లేచి అవతలికి వెళ్లిపోయింది.

ఆ భవనం వాక్యం తీసెయ్యమని కార్యాలయం నుంచి కబురొచ్చింది. తీసేసింది. కింది వరుసలు పైకి జరిగి ఖాళీ ఇట్టే పూడిపోయింది. "ఇప్పుడు కుదిరింది పేజీ," అన్నాడు యజమాని.

అప్పుడు ఆమెకు కనిపించింది. మిగిలిన గీతల్లో మరొకటి మెల్లగా తల ఎత్తుతోంది. పెద్దది పక్కనున్నంతకాలం అది కంట్లో పడలేదు. ఈసారి ఎవరినీ అడగలేదు. ఆ పేజీ మడిచి పట్టుకుని, ఆ రెండో గీత ఏ భవనానిదో అక్కడికే నడిచి వెళ్లింది. మొదటి తలుపు తట్టింది.

చంకలో బిడ్డతో ఒకామె ఓరగా తీసింది. "ఏం అమ్ముతున్నారు?"

"ఏమీ లేదండీ. మీ గోడ గురించి మాట్లాడాలి."

"ఇప్పుడు తీరిక లేదండీ, తర్వాత రండి."

తలుపు మూసుకుంది. ఆమె పక్క తలుపు దగ్గరికి వెళ్లింది.