వద్దన్న మనిషి మోసే బరువు

మా చిన్నమ్మకు ఒంటికాలి మీద లేవడం పుట్టుకతో వచ్చింది. నా వ్యానులో ముందు సీటు ఆమెకు ఎవరూ రాసివ్వలేదు. అయినా అందులో ఇంకొకరు కూర్చున్నారో, కొండ దిగేదాకా వాళ్ళ చెవులకు విశ్రాంతి ఉండదు. తెల్లవారుతూనే కొండ దిగే ఆ వ్యానును నడిపేది నేనే కనుక, ఈ సంగతి నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

కింద పట్నంలో బడిపిల్లల హాస్టలు ఉంది. దాని వంటగది చిన్నమ్మది. మా కొండ మీద బడి లేదు. ఎప్పటి నుంచో ఇక్కడే ఉంటున్న జనం మేము. ఎన్నో ప్రభుత్వాలు మా కొండకు ఎన్నో పేర్లు పెట్టాయి గానీ, బడి మాత్రం ఒక్కటీ పెట్టలేదు. అందుకని పాలపళ్ళు ఊడకముందే పిల్లల్ని తీసుకుపోయి ఆ హాస్టల్లో వేస్తాం. రాత్రిళ్ళు వాళ్ళను చూసే మనిషి లేదు. గేటుకు తాళం మాత్రం ఉంది. పొద్దున్నే వాళ్ళ వాచిన కళ్ళు చూసేది చిన్నమ్మే. ఏ పిల్ల పళ్ళెం ముందు కూర్చుని ఆకలి లేదందో, తిరుగు ప్రయాణంలో రోజూ నాకు చెప్పేది.

ఆమె భర్త, మా చిన్నాన్న, చూపు లేని మనిషి. పెళ్ళినాటికి కళ్ళు బాగానే ఉండేవి. తర్వాత మెల్లగా మసకబారి, ఆ మసక కూడా పోయింది. వైద్యులు ఇక చేసేదేమీ లేదన్నారు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వానాకాలమంతా అలాగే కూర్చున్నాడు. వానలు తగ్గాక చిన్నమ్మ ఆయన చేయి తీసి తన భుజం మీద వేసుకుని, ఇంటి వెనక వాలు మీదకు నడిపించింది. ఇద్దరూ వట్టి కాళ్ళతోనే. ఏ రాయి ఎక్కడ ఉందో, ఎక్కడ నేల చల్లబడుతుందో, ఊటనీరు ఎటువైపు వినిపిస్తుందో ఆయన పాదాలకు బట్టీ పట్టించింది. ఒకనాడు, నాకు వంట పనుంది, నువ్వే వెళ్ళు అని కసురుకుంది. ఆయన కదలగానే చెప్పులు విప్పేసి, ఊపిరి బిగబట్టి, పిల్లిలా వెనకే నడిచింది. అలా చాలా రోజులు నడిచింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

ఆయనకు మొదటి రోజే తెలుసు.

"ఉల్లిపాయల వాసన వెనకాలే వస్తుంటే తెలీదా అమ్మాయ్?" అని నాతో అన్నాడు. మరి చిన్నమ్మతో ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే రావడం మానేస్తుంది కదా అని నవ్వాడు. వాళ్ళ కాపురం గురించి నాకు ఏ అనుమానం వచ్చినా ఆ నవ్వు తలచుకుంటాను.

తర్వాత ఆయన మా ఊటనీటి గొట్టానికి కాపలాదారు అయ్యాడు. గొట్టం మూతి దగ్గర ఆకులు తీయడం, ఎక్కడ నీరు కారుతోందో విని మరమ్మతు చేయించడం ఆయన పని. ఆ వాలు మీద ఆయనకు కర్ర అక్కర్లేదు. నాకంటే వేగంగా నడుస్తాడు. రోడ్డు వైపు మాత్రం, నా వ్యాను దాకా రావాలన్నా ఎవరో ఒకరు చేయి పట్టుకోవాల్సిందే.

సరిగ్గా ఆ వాలు కిందే, బ్యాటరీల్లో వాడే లోహం ఏదో ఉందట.

వెనకటికి ఒక కంపెనీ పక్క కొండను మమ్మల్ని అడక్కుండానే తవ్వి, ఎర్రనీళ్ళ గొయ్యి మిగిల్చి పోయింది. ఈసారి వచ్చినవాళ్ళు అడిగారు. అడగక చస్తారా? డబ్బు పెట్టే సంస్థ ఎక్కడో దూరాన ఉంది. కొండ మీద ఉన్నవాళ్ళు తమ నోటితో ఒప్పుకుంటేనే పైసా ఇస్తామని దాని నియమం. ఆ సంస్థ తరఫున వచ్చిన మనిషిని మేము పెట్టుబడాయన అని పిలిచేవాళ్ళం. నెమ్మదస్తుడే. ఎవరి గుమ్మంలోనైనా ముందు బూట్లు విప్పేవాడు. కాకపోతే మేము ఒక్క పూటలో తేల్చేస్తామని అనుకున్నాడు పాపం. గనిలో మాకు వాటా ఇస్తామన్నారు. గొట్టాన్ని వేరే ఊటకు మారుస్తామన్నారు. తవ్వకం మొదలైన ఏడాదే కొండ మీద బడి కడతామన్నారు. కొండకు అవతలి వైపు నుంచి సొరంగం కూడా తవ్వొచ్చు గానీ, ఖర్చు పెరిగి అన్నీ ఆలస్యమవుతాయన్నారు.

బడి అన్న మాటకు చిన్నమ్మ పడిపోయింది. ఇక ఆమె తిరగని ఇల్లు లేదు. పిల్లలు తల్లి పక్కన పడుకుంటారు, అంతకంటే ఏం కావాలి అని సగం కొండను ఒప్పించింది. తవ్వితే చిన్నాన్న నడిచే వాలు పోతుందని ఆమెకు తెలియక కాదు. అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. ఒకసారి నేర్పినదాన్ని, మళ్ళీ నేర్పలేనా అని తనకు తనే సర్దిచెప్పుకున్నానని తర్వాత నాతో అంది. చిన్నాన్న కూడా ఆ ఊసు ఎత్తలేదు.

కొండంతా ఒకచోట చేరి మంచిచెడ్డలు తేల్చుకునే మా కూటంలో ఒక పద్ధతి ఉంది. చేతులెత్తి లెక్కపెట్టడం మాకు లేదు. ఒక్కొక్కరే లేచి మాట చెప్పాలి. అవునన్న మనిషి, దానివల్ల తను ఏం పోగొట్టుకుంటాడో చెప్పాలి. కాదన్న మనిషి, దాని బదులు తను ఏం మోస్తాడో చెప్పాలి. పక్కవాడి నష్టాన్ని మన నోటితో ఇచ్చేయడం కుదరదు. చిన్నమ్మ తన మాట ముందే సిద్ధం చేసుకుంది. కొండ మీద బడి వస్తే హాస్టలు మూతపడుతుంది, తన వంటపని పోతుంది, అది వదులుకుంటుంది. అలా చెప్పబోతున్నందుకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కూటానికి ముందు వారంలో చిన్నాన్న కాళ్ళ మీద దెబ్బలు కనిపించాయి. మోకాలి కింద కమిలిపోయింది. ఏమిటని అడిగితే బల్ల తగిలిందన్నాడు. ఆ ఇంట్లో ఉన్న ఒక్క బల్లకూ ఆయన అన్నేళ్ళలో ఎన్నడూ తగల్లేదు.

మర్నాడు వ్యాను మొదటి మలుపు తిరిగిందో లేదో, చిన్నమ్మ ఆపమంది. రోడ్డు పక్కనున్న వేరే వాలు మీద చిన్నాన్న ఉన్నాడు. ఒక్కడే. మాకంటే ముందే ఇల్లు వదిలి వచ్చి, గొట్టాన్ని మారుస్తామన్న కొత్త ఊట వైపు దారి వెతుక్కుంటున్నాడు. కర్రతో తడుముతూ నాలుగడుగులు వేసి, నీటికాలువలో పడ్డాడు. చేతులతో వెతికి కర్ర తీసుకున్నాడు. లేచి, మట్టి దులుపుకుని, మొదలుపెట్టిన చోటికే వెళ్ళి మళ్ళీ నడిచాడు. మళ్ళీ అక్కడే పడ్డాడు. నేను దిగి పరుగెత్తబోతే చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. తన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆయన వెనకే కొంచెం దూరం నడిచింది. ఆ రోజు ఆయనకు ఏ వాసనా తెలియలేదు. ప్రాణమంతా పాదాల్లోనే పెట్టుకుని నడుస్తున్నాడు.

చిన్నమ్మ తిరిగొచ్చి సీట్లో కూర్చుంది. పిల్లల టిఫిన్ల వేళ దాటిపోతుంది, వ్యాను పోనియ్ అంది. పట్నం దాకా ఆ చెప్పులు ఒళ్ళోనే పెట్టుకుంది.

కూటం రోజున రేకుల షెడ్డు నిండిపోయింది. పెట్టుబడాయన ఒక మూల చాప మీద కూర్చున్నాడు. ఒకరు మేకల మేత పోతుందన్నారు, ఒకరు తేనె పోతుందన్నారు, అయినా అవునన్నారు. నేనూ అవునన్నాను. పిల్లలు ఇక్కడే చదివితే నా వ్యాను సగం ఖాళీ అవుతుంది, పోనీ అన్నాను. తర్వాత చిన్నాన్న లేచాడు.

"అవును. నాకు పోయేదేం లేదు" అన్నాడు.

కూటం నడిపే పెద్దాయన, ఏమీ లేదనడం మనలో చెల్లదు, చెప్పి కూర్చో అన్నాడు. చిన్నాన్న కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ వాలు పోతుంది. ఇంకో దారి నేర్చుకుంటున్నా. వచ్చేస్తుందిలే."

చాలామంది తలలు దించుకున్నారు. చిన్నమ్మ వంతు ఆఖరున వచ్చింది. ఆమె ఏం చెబుతుందో అందరికీ తెలుసు కనుక కొందరు అప్పుడే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"నేను కాదంటున్నా" అంది.

షెడ్డంతా గగ్గోలైంది. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఒప్పించి ఇప్పుడు ఇదేమిటని ఎవరో అరిచారు. పెద్దాయన చేయెత్తి అందర్నీ ఆపి, అయితే ఏం మోస్తావని అడిగాడు.

"ఆ వాలు జోలికి రావద్దు. కొండకు అవతలి వైపు నుంచి సొరంగం తవ్వుకోమనండి. దానికి ఖర్చెక్కువ, మన వాటా తగ్గుతుంది, బడి నాలుగైదేళ్ళు ఆలస్యమవుతుందని వాళ్ళే చెప్పారుగా. కానీండి. బడి వచ్చేదాకా రాత్రిళ్ళు నేను హాస్టల్లో పడుకుంటా. ఆదివారం ఒక్క పూట ఇంటికొస్తా. పిల్లలు ఏడిస్తే నేనుంటా."

చిన్నాన్న తల ఆమె గొంతు వైపు తిరిగింది. ఏదో అనబోయాడు. ఒకసారి మాట చెప్పినవాళ్ళు మళ్ళీ లేవకూడదు, అందుకని ఆగిపోయాడు. కాసేపటికి మేకలాయన లేచి, వాటా తగ్గితే తగ్గనీ, నా మాట మార్చుకోవచ్చా అని అడిగాడు. అందుకు పద్ధతి ఒప్పుకోదని పెద్దాయన అన్నాడు. అని, తనే ఏడ్చేశాడు. చివరికి ఆ పూట పద్ధతిని పక్కనపెట్టి అందరినీ మళ్ళీ అడిగారు.

అవునని రాసుకోవాలా, కాదని రాసుకోవాలా అని పెట్టుబడాయన మెల్లగా అడిగాడు. ఇటునుంచి కాదు, అటునుంచి అవును అన్నాడు పెద్దాయన. కంపెనీ ఇంకా సణుగుతూనే ఉంది. పెట్టుబడాయన సంస్థ మాత్రం అటునుంచైతేనే డబ్బు పెడతామని చెప్పిందట. ఏమవుతుందో చూడాలి.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి చిన్నమ్మ సంచి సర్దుకుంటోంది. చిన్నాన్న మంచం అంచున కూర్చుని ఆమె దుప్పటి మడత పెట్టడానికి తంటాలు పడుతున్నాడు. మూల మూలకు కలవడం లేదు. ఆమె సాయం చేయలేదు, ఆయన అడగలేదు.

"రాత్రి ఎవరైనా పిల్ల ఏడిస్తే ఏం చేస్తావే?" అని అడిగాడు.

"పక్కన కూర్చుంటా. నిద్రపట్టేదాకా వీపు నిమురుతా."

"మరి నేనేడిస్తే?"

నవ్వుతూనే అన్నాడు. చిన్నమ్మ సంచి కింద పెట్టి, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. చేయి ఆయన వీపు మీద వేసింది. నేను తలుపు దగ్గరకు వేసి వచ్చేశాను. మర్నాడు పొద్దున ఆమె దుప్పటి, సంచి పట్టుకుని వచ్చి నా వ్యానులో ముందు సీట్లో కూర్చుంది.