ఆ ఒక్క మాట అనలేకపోయిన మావయ్య

మా మావయ్య పోయాడని మొన్న ఆదివారం గాజువాక నుంచి ఫోను వచ్చింది. ఆరాధన మొదలవుతుండగా కుర్చీలోనే తల వాల్చేశాడట. ఆయన మా అమ్మకు అన్నయ్య. అక్కడి ఒక చిన్న చర్చికి చాలాకాలం పాస్టరు. కానీ చివరి కొన్నేళ్లూ ఆయన్ను ప్రసంగించనివ్వలేదు. ఎందుకో మీకు చెప్పాలనిపిస్తోంది.

ఒకసారి బైబిలు స్టడీలో, దువ్వాడలో డిగ్రీ చదివే అమ్మాయి లేచి అడిగింది. “పాస్టరు గారూ, యేసు సమాధి దగ్గర దూత ఒకరని ఒక సువార్తలో ఉంది, ఇద్దరని ఇంకోదాంట్లో ఉంది. ఏది కరెక్టు?”

ఇలాంటివాటికి పాస్టర్ల దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. మావయ్యకూ అవి తెలుసు. అయినా కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, “నాకు తెల్దమ్మా. ఎవరో ఒకరు పొరపాటు రాసుండొచ్చు. సమాధి కాళీగా ఉందని మాత్రం ఇద్దరూ రాసేరు కదా, నాకది సాలు” అన్నాడు.

ఆ మాట సంఘ పెద్దల దాకా వెళ్లింది. “బైబిల్లో ఒక్క తప్పు కూడా లేదు” అని వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పాలన్నారు. లేదంటే చర్చి వెనకున్న పాస్టరు ఇల్లు ఖాళీ చేయాలి. ఆ ఇంట్లో, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మా అత్తయ్య ఉంది.

ఆ ఆదివారం నేనూ వెళ్లాను. మావయ్య వేదిక ఎక్కి బైబిలు మీద చెయ్యి పెట్టాడు. “నన్ను బతికించింది ఈ పుస్తకమే. దీని ముందర నిలబడి, నాను నమ్మని మాట సెప్పలేను” అని దిగి వచ్చేశాడు.

అత్తయ్యను చూసి పెద్దలు ఆ ఇంట్లోనే ఉండనిచ్చారు. ఆయన నోరు మాత్రం కట్టేశారు. బైబిలు వాక్యం చదివి కూర్చోవాలి, ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తకూడదు. ప్రతి ఆదివారం అరచేత్తో పేజీ సాపు చేసి, తొందర లేకుండా చదివేవాడు. చదవడం అయ్యాక ఇంకేదో చెప్పబోయినట్టు ఒక్క క్షణం ఆగి, కూర్చునేవాడు. ఆ తర్వాత, దేవుడి మాటలో తప్పులు వెతికేవాళ్ల గతి ఏమవుతుందో, ఆయన స్థానంలో వచ్చిన కొత్త పాస్టరు ఆయనవైపే చూస్తూ చెబుతుంటే, వినేవాడు.

“ఆనందపురం మా ఇంటికి వచ్చీ మావయ్యా, అత్తని నాను సూసుకుంతాను” అని ఎన్నోసార్లు బతిమాలాను.

“ఎల్లిపోతే ఈడికి నమ్మకం పోయిందంతారు. ఉండి ఊరుకుంటే ఒప్పీసుకున్నాడంతారు. రెండూ అబద్దాలే. ఏటి సేత్తానమ్మా?” అన్నాడు. మళ్లీ తనే, “ఇక్కడైతే సదవనిత్తన్నారు” అని నవ్వాడు.

నేను బడిలో పాఠాలు చెబుతాను. పిల్లలు అడిగినదానికి నాకు జవాబు తెలియకపోతే తెలియదనే అంటాను. అది ఆయన పెట్టిన భిక్ష.

భూస్థాపన రోజు కొత్త పాస్టరు, నిజంగానే కళ్లు తుడుచుకుంటూ, “ఈ గ్రంథంలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదని మన పెద్దాయన చివరి శ్వాస దాకా నమ్మారు” అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. చక్రాల కుర్చీలో ఉన్న అత్తయ్య, కదిలే ఒక్క చేతిని పైకెత్తి అడ్డంగా ఊపసాగింది. కాదు, కాదు అన్నట్టుగా.

“ఏడవకమ్మా, ఆయన ప్రభువు దగ్గరికెల్లిపోనారు” అంటూ పక్కనున్నావిడ ఆ చేతిని అందుకుని, నెమ్మదిగా ఒళ్లో పెట్టి, తన రెండు చేతులతో గట్టిగా మూసి పట్టుకుంది.