జేజి పటానికి వేసిన దండ

మొన్న ఇంటికి సున్నం కొట్టించినాక పటాలన్నీ మళ్లీ గోడకు తగిలిస్తూ, మా మనవరాలు కర్నూలు నుంచి గంధపుచెక్క దండలు తెచ్చింది. స్టూలెక్కి మా నాయనకు, అమ్మకు, మా ఆయనకు వరసగా వేసుకుంటూ జేజి పటం కాడికొచ్చింది. "ఆగు! ఆమెకు ఎయ్యాకు!" అని అరిచినా. పిల్ల బెదిరి కింద పడబోయింది. ఈ వయసులో నాకంత గొంతుందని నాకే తెలీదు. "ఏమవ్వా, ఆమె పోలేదా ఏంది?" అని నవ్వింది. పోయిందిలేమ్మా, పండు ముసలిదై దర్జాగా పోయింది. కానీ ఆమె పటానికి దండ వేస్తే ఏమయిందో కండ్లారా చూసినదాన్ని నేను.

జేజి అంటే మా నాయనను కన్న తల్లి. ఓర్వకల్లు పక్కన మా ఊరు. స్వతంత్రం అదిగో వస్తాండాది, ఇదిగో వస్తాండాది అనే రోజులు. మా చిన్నాయనకు సేద్యం తప్ప అన్నీ ఇష్టమే. అన్నిటికంటే ఇష్టం ఫోటోలు. కర్నూలులో ఒక సాయబు స్టూడియోలో పనికి చేరినాడు. మా నాయనకు అది కడుపుమంట. "వానలు పడేలోపల ఆ ఫోటోల పెట్టె పక్కన పెట్టి, మడక పట్టి చేను దున్ను, లేకుంటే ఇంటి గడప తొక్కద్దు" అని తెగేసి చెప్పేసినాడు. సరిగ్గా అప్పుడే కర్నూలులో ఫోటోల ఎగ్జిబిషన్ పెడతామని చాటింపేసినారు. మన దేశంలో జనం రోజూ ఎట్లా బతుకుతారో చూపించే ఫోటో తేవాల, గెలిచినోళ్లకు కొత్త కెమెరా! చిన్నాయనకు నిద్ర పట్టల్యా. ఆ కెమెరా చేతికొస్తే సొంతంగా బతకచ్చు, రాకుంటే మడకే గతి.

కానీ సాయబునడిగి తెచ్చిన కెమెరా కనపడితే చాలు, ఊరంతా నీళ్లు పోసుకోని, తలకు నూనె రాసుకోని, పెండ్లిబట్టలు కట్టుకోని కొయ్యల మాదిరి నిలబడేది. కలుపు తియ్యమంటే పట్టుచీర కట్టుకోని తీసే ఊరు మాది! జేజి ఒక్కతే కెమెరా ముందుకు రాదు. మా జేజినాయన ఫోటో తీయించుకున్న ఏడే పోయినాడంట. "పటం గోడకెక్కిందంటే మనిషి కట్టెల మీదికెక్కినట్టే" అనేది. అందుకే చిన్నాయన గడ్డివామి చాటున నక్కి, పెరట్లో జేజి జొన్న సంగటి కెలుకుతుంటే టక్కున ఫోటో కొట్టేసినాడు. కొప్పు ఊడిపోయి, పొగకు ఒక కన్ను మూసి, నోరు ఇంత తెరిచి కోడిని తిడుతున్న జేజి!

గెలిచింది! సాయబు కబురు పంపినాడు. చిన్నాయన తీసిన పటానికే మొదటి బహుమతి, ఆదివారం సాయంత్రం వచ్చి కెమెరా తీసుకోమని. చిన్నాయన నన్నెత్తి గిరగిరా తిప్పినాడు. జేజికి మాత్రం చెప్పే ధైర్యం లేదు. ఆదివారం మధ్యాహ్నం నిప్పులేసిన చెంబుతో చొక్కా ఇస్త్రీ చేసుకుంటాండాడు. అంతలో వీధి మొదట్లో ఒకటే శోకాలు.

కర్నూలులో ఇచ్చిన జేజి చెల్లెలు, కొడుకులూ కోడండ్లతో బొగ్గుతో నడిచే బస్సు దిగి, గుండెలు బాదుకుంటూ వస్తాండాది. పెరట్లో ఉన్న జేజికి ముఖాలు కనపడల్యా, ఏడుపు మాత్రం వినపడింది. మా పక్క ఆడోళ్లకు ఏడుపు వినపడితే ఎవరు, ఏమని అడగడం తర్వాత. ముందు పోయి మెడ కావలించుకోని ఏడవాల. జేజి చేతిలో తెడ్డు పారేసి, కొంగు నోటికడ్డం పెట్టుకోని ఉరికింది. చెల్లెలు కండ్లు మూసుకోనే జేజి మెడ పట్టుకుంది. "కడసూపుకన్నా పిలవకుండా ఎత్తేసిరే!" అని ఆమె, "నీకెంత కష్టమొచ్చెనే!" అని ఈమె. కడుపునిండా ఏడ్చి, ముక్కు చీదినాక జేజి అడిగింది.

"ఇంతకూ పోయిందెవురే?"

"నువ్వే గదక్కా!" అనింది చెల్లెలు కండ్లు తెరిచి. తెరిచి కెవ్వుమనింది.

ఎగ్జిబిషన్‌లో జేజి పటానికి ఇంత లావు బంతిపూల దండ వేసినారంట. చెల్లెలి కొడుకు చూసి, పెద్దమ్మ పోయిందని ఇంటికి పరిగెత్తినాడు. పటానికి దండంటే మాకు తెలిసిన అర్థం ఒక్కటే మరి! అందరం చిన్నాయన దిక్కు తిరిగినాం. ఆయన నిప్పుల చెంబు ఎత్తడం మరిచిపోయినాడు. కొత్త చొక్కా వీపు మీద కమురు వాసన కొడతాండాది.

"పదండి. బతికుండంగానే నన్ను చంపిందెవురో చూస్తా" అనింది జేజి.

ఏడవడానికొచ్చిన చుట్టాలందరితో అదే బస్సులో తిరిగి కర్నూలు పోయినాం. హాలు నిండా జనం. మేజాబల్ల మీద కొత్త కెమెరా మెరుస్తాండాది. జేజి నేరుగా పటం ముందరికి పోయి నిలబడింది. చించేస్తుందని చిన్నాయన కండ్లు మూసుకున్నాడు. "అమ్మా, అది గెలిచినందుకు ఏసిన దండమ్మా" అని సాయబు చేతులు జోడించినాడు. జేజి పటంలో తనను తాను శానాసేపు చూసుకుంది. "ఆ పొద్దు సంగటి అడుగంటింది. ఈడ కనపడల్యా" అనింది నెమ్మదిగా. తర్వాత చెయ్యెత్తి ఆ దండ తీసి, తన మెళ్లోనే వేసుకుంది.

"బతికుండేదానికి దండ మెళ్లో ఎయ్యాలప్పా, గోడకు గాదు!"

హాలు చప్పట్లతో అదిరిపోయింది. దుఃఖానికొచ్చిన చెల్లెలు అందరికంటే గట్టిగా కొట్టింది. కెమెరా చేతికి రాంగానే చిన్నాయనను జేజి పిలిచింది. "ఒరే, దొంగతనంగా తీసింది చాలు. ఇప్పుడు తియ్యి, నేను సూస్తాండా." ఆ కెమెరాతో ఆయన తీసిన మొదటి ఫోటో అదే. ఆ తర్వాత మా నాయన మడక మాటెత్తల్యా.

"పటం దగ్గరికి పోయి చూడు" అన్నా మనవరాలితో. పొట్టిగా, బోసినోటితో, మెళ్లో అంత లావు దండతో జేజి నవ్వుతాండాది. పిల్ల చేతిలోని గంధపు దండ మడిచి పక్కన పెట్టేసింది. ఆ హాలులో ఉన్నోళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ వాడిపోయినా గాని, జేజి మెళ్లో బంతిపూలు ఇంకా వాడల్యా.