ఓడకు అంటిన స్టిక్కర్

మా టీమ్ లీడ్‌ను తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన మీద కాదు, ఆ స్టిక్కర్ మీద.

ఆయనది కాకినాడ. తెల్లాపూర్ ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, టేకు చెక్కను తనే సన్నగా చీరి, వంచి, మూరెడు తెరచాప ఓడలు కట్టేవారు. చెక్క అతికించిన ప్రతిసారీ కళ్లు మూసుకుని బొటనవేలితో నిమిరేవారు. "కన్ను మోసం చేస్తుందండి, వేలు చెయ్యదు" అనేవారు.

అలా కట్టిన ఓడల్లో ఒకదాన్ని హైటెక్ సిటీలోని మా ఆఫీసుకు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. సామాన్ల లెక్కకొచ్చిన అడ్మిన్‌వాళ్లు కుర్చీకీ మానిటర్‌కీ అంటించినట్టే దానికీ కంపెనీ స్టిక్కర్ అంటించి పోయారు. బుద్ధి ఉన్నవాడెవడైనా ఓడను ఆఫీసు సామాననుకుంటాడా?

ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన రోజు, ఓడను రెండు చేతులా పట్టుకుని వెళ్తుంటే గేటు దగ్గర అడ్మిన్ ఆఫీసర్ అడ్డుపడ్డాడు.

"గిట్ల తీస్కపోతే ఎట్ల సార్? స్టిక్కర్ ఉన్నదంటే కంపెనీదే."

"సారు సొంతంగ చేసిన్రు! కండ్లు కనిపిస్తలేవా?" అని అరిచాను.

"నాకేం ఎరుక? సిస్టంల కంపెనీదనే ఉన్నది."

ఆయన కళ్లు మూసుకుని ఓడను నిమిరారు. వేలు స్టిక్కర్ దగ్గర ఆగింది. గోటితో పట్టి ఒక్క లాగు లాగారు. వార్నిష్‌తో పాటు టేకు పొర కూడా లేచొచ్చింది. దాన్ని ఆ ఆఫీసర్ అరచేతిలో అంటించారు.

"మీది మీరు ఉంచుకోండి" అని, ఓడతో గేటు దాటి వెళ్లిపోయారు.