నునుపు చేసిన అతుకు

కొండదారిలో సైకిలు దిగి నెట్టుకుంటూ పోతున్నాను. నా వయసువాళ్లకు ఎత్తుదారిలో సైకిలు వాహనం కాదు, వెంట రానని మొండికేసిన దూడ. మలుపు దగ్గర రాళ్లగట్టు మీద కూర్చున్న మనిషి ఒకడు నన్ను చూడగానే లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు. నలభై దాటి ఉంటాడు. భుజాన గుడ్డసంచి, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనపరంపం. మనిషి అలికిడి లేనిచోట రంపంతో ఎదురొచ్చినవాడి గురించి నేను చదివిన పుస్తకాలన్నీ ఒక్కటే చెప్పాయి. జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

అతను నా ముఖం కూడా చూడలేదు. సైకిలు ముందు గొంతుక్కూర్చుని, హ్యాండిల్ కింద పైపులు వచ్చి కలిసే చోట, అంటే సైకిలుకి మెడ అనదగ్గ చోట, బొటనవేలితో తడిమాడు.

"ఇది నాది కాదు," అన్నాడు.

"కాదు నాయనా, నాదే. ఇంత తుప్పు ఇంకెవరు దాచుకుంటారు?"

నవ్వలేదు. "ఆకుపచ్చ సైకిలు ఏమన్నా కనిపించిందా పెద్దాయనా? లావు టైర్లు. ముందూ వెనకా సంచులు. తొక్కేవాడు నోరు మూసుకుని ఉండే రకం కాదు."

కనిపించింది. ఆ పొద్దున్నే, కింద బోరింగు దగ్గర. "తాతా, నీ బండికి నాకంటే వయసెక్కువలా ఉంది, దండం పెట్టుకుని ఎక్కుతావా?" అని నన్ను ఆటపట్టించి పోయిన కుర్రాడు అతనే అయి ఉండాలి. చైను జారుతోందనీ, పైన లారీలు ఆగే హోటల్లో బాగుచేసుకుని, ఇంత తిని, అవతలి వాలు బ్రేకు ముట్టకుండా దిగుతాననీ చెప్పాడు.

అదంతా చెప్పాను. బ్రేకు మాట వినగానే ఈ మనిషి చివ్వున లేచాడు. "వాడు నా బామ్మర్ది. ఆ వాలు దిగితే చస్తాడు," అని, వెనక నుంచి వస్తున్న కంకరలారీకి రెండు చేతులూ చాచి ఎదురెళ్లాడు. డ్రైవరు బూతులు తిట్టి ఆపాడు. నా సైకిలునీ నన్నూ కూడా కంకర మీదికి ఎక్కించారు. వాణ్ణి గుర్తుపట్టడానికి నేనెందుకు? అతనే చాలు. అయినా ఎక్కాను. ఇట్లా నాకు పని లేని చోట్లకు ఎక్కి ఎక్కే ఈ జీవితం గడిచింది.

లారీ మూలుగుతూ ఎక్కుతుంటే, ఆ కంకర మీద కూర్చుని అతను చెప్పింది ఇది.

అతను గేట్లు చేస్తాడు. గేట్లు, కిటికీ కమ్ములు, మెట్లకు చేపట్టు. పని నేర్పినవాడే తర్వాత పిల్లనిచ్చి మామ అయ్యాడు. ఆ మామకి ఒక పద్ధతి ఉండేది. గేటు పూర్తయ్యాక కళ్లు మూసుకుని ప్రతి అతుకు మీదా బొటనవేలు పోనిచ్చేవాడు. ఎక్కడన్నా ఉబ్బెత్తుగా తగిలిందా, గేటుని తన్ని పడేసేవాడు. అతుకు ఎక్కడుందో ఇంటివాడికి తెలియకూడదు. అందుకని వెల్డింగు చేసినచోటల్లా గ్రైండరు పట్టి, గాజులా నున్నగా అయ్యేదాకా అరగదీసి, అప్పుడు రంగు వెయ్యాలి. అల్లుడికీ కొడుక్కీ ఇద్దరికీ ఆ వేలు అబ్బింది. మామ పోయాక కొట్టు వీళ్లిద్దరిదీ అయింది. బావ వెల్డింగు, బామ్మర్ది నునుపు.

బామ్మర్దికి కాలు నిలవని జబ్బు. నాకు తెలిసిన జబ్బే గనక దాని గురించి చెప్పనక్కర్లేదు. ఊరూరా తిరగటానికి, రాళ్లదారుల్లో పోవటానికి తగిన సైకిలు బజారులో ఒక కొట్టులో వేలాడుతుంటే ఇద్దరూ వెళ్లి చూశారు. అది మోటారుసైకిలు ధర పలుకుతోంది. "చేత్తో ముట్టుకోకండి," అన్నాడు కొట్టువాడు. బయటికి రాగానే బామ్మర్ది, "ఏముంది బావా దాంట్లో! నువ్వొక గేటుకి తగలేసే ఇనుముతో దాని వంశం మొత్తాన్నీ పుట్టించొచ్చు," అన్నాడు.

పుట్టించారు. పాత ఇనుము కొట్టు నుంచి బరువు సైకిళ్ల ఫ్రేములు తెచ్చి, లావు టైరు పట్టేట్టు వెనక భాగం వెడల్పు చేశారు. సంచులు మడమకి తగలకుండా పొడవు పెంచారు. కమ్మీలు వంచి క్యారియర్లు కట్టారు. ఎత్తు ఎక్కటానికి చిన్నచక్రం మీద చైను పడేట్టు అమర్చారు. పాత మెడ పొట్టిది కనక కోసి, కొత్త పైపు అతికారు. గేటు చేయించుకోవటానికి వచ్చిన పళ్లడాక్టరు ఒకాయన అది చూసి, నాకూ ఒకటి కావాలని పట్టుబట్టాడు. ఆయనకి గోధుమరంగుది, బామ్మర్దికి ఆకుపచ్చది. ఇసకబస్తాలు వేసి ఊరంతా తొక్కి చూశారు. కిర్రుమనలేదు. బామ్మర్ది దేశం మీద పడ్డాడు.

"ఆ వెంటనే డాక్టరుగారు అడివిదారిన పోయారు," అన్నాడతను. "దిగుడులో మెడ ఊడిపోయింది. హ్యాండిలూ ముందుచక్రమూ చేతిలో ఉన్నాయి, మిగతా సైకిలు వెనక ఉంది. తల రాయికి కొట్టుకుంది. ఆస్పత్రిలో పోయారు."

పోలీసుస్టేషన్లో ఆ ముక్కలు చూపించారట. నున్నగా ఉన్న చోటే తెగింది. గ్రైండరు దూరని లోపలి మూలలో మాత్రం వెల్డింగు ఉబ్బు అలాగే ఉంది. అక్కడ పైపు చిరిగింది గాని అతుకు వదల్లేదు.

"గేటు ఎక్కడికి పోతుంది పెద్దాయనా, ఉన్నచోటే ఉంటుంది. సైకిలు మెడ రాయి రాయికీ వంగి లేస్తుంది. ఆ ఉబ్బే దాని బలం. అసహ్యంగా ఉందని గీకి పారేశాం."

"ఫోను చెయ్యలేదా?"

"చేశాను. మెడ బాగా లేదురా, తొక్కకు, వచ్చెయ్యి అన్నాను. 'అక్క ఏడుస్తోందా? ఇదే పాట రేపు కొత్త రాగంలో పాడమను' అని నవ్వి పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. ఈ కొండ దాటుతానని అంతకుముందే చెప్పాడు గనక వెతుక్కుంటూ వచ్చాను."

"డాక్టరు పోయాడని చెప్తే చచ్చినట్టు నమ్మేవాడు కదయ్యా!"

కంకరరాయి ఒకటి తీసి అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "నోరు రాలేదు," అన్నాడు. పిరికివాడు అనుకున్నాను.

లారీ హోటలు ముందు ఆగింది. రేకులపంచ కింద ఆకుపచ్చ సైకిలు ఉంది. కుర్రాడు నూనెచేతులతో చైను తగిలిస్తున్నాడు. చుట్టూ టీ తాగుతున్న డ్రైవర్లని అప్పటికే తనవైపు తిప్పుకున్నాడు.

"వచ్చాడయ్యా మా బావ! అక్క రంపం కూడా ఇచ్చి పంపిందే! కోసేది నన్నా, సైకిలునా?"

డ్రైవర్లు నవ్వారు. ఒకడు, "ముందు నాలుక కొయ్యండి సార్," అన్నాడు.

బావ హ్యాండిల్ పట్టుకున్నాడు. కుర్రాడు సీటు పట్టుకున్నాడు.

"వదులురా."

"బావా, ఎన్ని గోతులు దూకిందో తెలుసా ఇది? నీ చేతిపని మీద నీకే నమ్మకం లేకపోతే నేనేం చెయ్యను? ఇదిగో, చూడు!" అని సైకిలు లాక్కుని, ముందుచక్రాన్ని నడుమెత్తు లేపి నేలకేసి కొట్టాడు. మళ్లీ లేపాడు.

"ఒరేయ్!" ఆ కేకకి హోటలు పిల్లి బల్ల కిందికి దూరింది. కుర్రాడు ఆగాడు. బావ రంపం కొసతో మెడ కింద ఆకుపచ్చరంగు గీకాడు. నేనూ వంగి చూశాను. నున్నటి ఇనుము మీద తలవెంట్రుకంత గీత. గీత పొడుగునా తుప్పు.

"రంగు పగిలింది," అన్నాడు కుర్రాడు. కాని గొంతులో ఇందాకటి మనిషి లేడు.

బావ సైకిలుని బల్లకు ఆనించి రంపం పెట్టాడు. సగం కూడా కొయ్యలేదు, మిగతాది దానంతటదే టక్కున విడిపోయింది. డ్రైవర్లు గ్లాసులు దించారు.

"డాక్టరుగారిదీ ఇంతేగా," అన్నాడు కుర్రాడు. "ఆయనకి చెప్పావా?"

బావ రంపం పళ్ల మీది ఇనపరజను తుడిచాడు.

"బావా, చెప్పావా లేదా?"

"పోయాడురా."

కుర్రాడు పక్కనున్న బల్ల కోసం చెయ్యి చాచి, అందక, నేల మీదే కూర్చున్నాడు. "నువ్వు చాల్లేరా అన్నావు," అన్నాడు. "ఇంకా గరుగ్గా ఉంది, నాన్న చూస్తే తన్నేవాడు అని నేనే మళ్లీ గ్రైండరు పట్టాను. రెండింటికీ నేనే..."

అప్పుడు గాని నాకు తెలియలేదు, ఫోనులో నోరు ఎందుకు రాలేదో.

"నోరు ముయ్యి," అని బావ అతని పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు గాని పక్కనే ఉన్న నాకు వినపడింది. "అతికిందీ నేనే, అరగదీసిందీ నేనే. స్టేషన్లో అట్లాగే రాయించాను. రేపు పొద్దున్న నేను అక్కడ ఉండాలి. రెండో సైకిలు లేదు. నువ్వు చేసిందేమీ లేదు. అర్థమైందా?"

"అక్కకి?"

"అక్కకీ అదే చెప్పాను."

"అక్క నమ్మదు బావా. నాన్న చేతి కింద ఎవరేం నేర్చుకున్నారో దానికి తెలుసు."

"నమ్మింది," అన్నాడతను. "నాతో మాట్లాడటం మానేసింది."

కుర్రాడు అతని చొక్కా పట్టుకున్నాడు. "నేనూ వస్తాను. నేనే చెప్తాను."

"వస్తే మీ అక్క ఇద్దర్నీ పోగొట్టుకుంటుంది. వదులు."

వదల్లేదు. బావ ఆ వేళ్లని ఒక్కొక్కటిగా విడదీశాడు. పసివాడి గుప్పిటి విప్పినట్టు, విసుగు లేకుండా. తర్వాత మెడ దగ్గర తెగిన పైపుల్ని రెండువైపులా ఇంకాస్త కోసి, ఆ ముక్కల్ని సంచిలో వేసుకున్నాడు. డాక్టరు సైకిలు అతుకుతో పోల్చటానికి పోలీసులకి అవి దొరక్కూడదు కాబోలు.

కుర్రాడికి నీళ్లు ఇవ్వమని నేను హోటలువాణ్ణి అడగటానికి లోపలికి వెళ్లాను. చెంబుతో బయటికి వచ్చేసరికి పంచ కింద బావ లేడు. మేం ఎక్కివచ్చిన దారిలోనే, దుమ్ములో, అప్పటికే మొదటి మలుపు దాకా దిగిపోయాడు. పిలిచాను. వినపడేంత దూరమే. కుర్రాడు తల ఎత్తలేదు, అతను వెనక్కి తిరగలేదు. కిందికి పోతున్న ఖాళీలారీ ఒకటి పక్కన నెమ్మదించి హారను కొట్టినా, ఎక్కకుండా నడిచిపోయాడు.