పడవల పళ్ళు తోమే బావ

కథ చెప్పు, కథ చెప్పు అని పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తారే, ఒక్కరంటే ఒక్కరు మా బావ గురించి అడిగిన పాపాన పోయారా? ఏడుగురు రాజకుమారులు కావాలి, మాట్లాడే చిలక కావాలి. సొంత మనిషి మాత్రం అక్కర్లేదు. సిగ్గుండాలి! నాకూ ఉండాలనుకోండి, ఇన్నేళ్ళూ నోరు విప్పనందుకు. సరే, రాసేదెవరు? నువ్వా? చెప్పింది చెప్పినట్టు రాయి. నీ తెలివి కలిపావంటే వీపు చిట్లుతుంది.

మా బావకి ఒకటే పిచ్చి. పాత టూత్‌బ్రష్షులు. కొందరికి పేకాట, కొందరికి పావురాలు, ఆయనకి ఊళ్ళోవాళ్ళు నోట్లో అరగదీసి పారేసిన బ్రష్షులు. మా అక్క మొగుడు కాబట్టి నాకు బావ. వీధిలో మాత్రం ఆయనకి పేరే లేదు, "బ్రష్షులాయన", అంతే.

రేవులో పడవలు శుభ్రం చెయ్యడం ఆయన పని. ఆ ఏట్లో తిరిగేవన్నీ సత్తు పడవలే. మీరు అల్యూమినియం అంటారే, అదే. రెండు వారాలు నీళ్ళలో వదిలేస్తే చాలు, అడుగంతా పచ్చగా, జారుడుగా పాచి పట్టేస్తుంది. ఇక ఆ పడవ నడవదు, తడిసిన గోనెసంచి లాగినట్టు ఈడుస్తుంది. ఇనప పీచు పెట్టి రుద్దితే సత్తు గీసుకుపోతుంది, ఆ గీతల్లో పాచి ఇంకా హాయిగా కాపురం పెడుతుంది. పెద్ద ఓడలకి పూసే రాగి రంగు పూద్దామా అంటే, నీళ్ళలో రాగికీ సత్తుకీ తోడికోడళ్ళ పొత్తు. చిల్లులు పడేదాకా సత్తుని తినేస్తుంది. అందుకని బావ వెనిగర్లో నీళ్ళు కలిపి, మెత్తటి బ్రష్షుతో రివిట్ల చుట్టూ, అతుకుల సందుల్లో ఓపిగ్గా తోమేవాడు. అదీ తడారకముందే. ఎండితే బంకలా పట్టుకుంటుందట.

"పాచిపళ్ళతో ఉంటే మనిషికి టీ కూడా పొయ్యరు కదే! మరి పడవని పాచిమొహంతో ఏట్లోకి పంపుతారా?" అనేవాడు.

"ముందు తమరు తోముకోండి మహాప్రభో!" అనేది అక్క.

నిజమే మరి. రేవులో పడవల పళ్ళన్నీ తోమి, సొంత నోరు మర్చిపోయి, మధ్యాహ్నం తిన్నగా వచ్చి అన్నానికి కూర్చునేవాడు.

ఒకసారి అక్క ఆడపడుచు మామగారు చుట్టపుచూపుగా వచ్చాడు. చొక్కా నలుగుతుందని వెనక్కి ఆనుకోను కూడా ఆనుకోని పెద్దమనిషి. పొద్దున్నే స్నానాలగదిలోంచి కేకేశాడు.

"ఏమ్మా, ఇదేం పేస్టు? పుల్లగా ఉంది!"

అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసులో ఉన్న నీలం బ్రష్షు పడవది. బావ ఒక్క పరుగున వెళ్ళాడు. పోనీలే, తప్పయిపోయిందంటాడు కాబోలు అనుకుంది అక్క.

"అయ్యయ్యో, అంత గట్టిగా నొక్కకండి బాబాయిగారూ! కుచ్చు విచ్చుకుపోతే మళ్ళీ అతుకుల్లో దూరదు!" అన్నాడు బావ.

ఆ పెద్దమనిషి మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు.

ఇంకోసారి వెనక వీధిలో ముసలాయన పోతే పరామర్శకి వెళ్ళారు. బావ ఆ ముసలాయన భార్య పక్కన కూర్చుని, నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపాగి మెల్లిగా వంగి, "పిన్నిగారూ, బాబాయిగారి బ్రష్షు ఏం చేశారు?" అన్నాడు. నేల బద్దలైతే అందులో దూరిపోదామని అక్క చూసింది. ఏ నేలా బద్దలవలేదు. ఆవిడ లేచి వెళ్ళి ఆ బ్రష్షు తెచ్చిచ్చింది. బావ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అక్క మాత్రం నెల రోజులు ఆ వీధి మొహం చూడలేదు.

రేవులో అక్కకి అసలు తలనొప్పి సరంగు, అదే, పడవ నడిపేవాడు. సొంత పడవ, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద గొప్పలు.

"నా పడవకి పాచి పట్టదు! నా చేతి చలవ అది! ఒరే బ్రష్షూ, నా పడవ మీద నీ చెయ్యి పడిందో, విరిచి చేతిలో పెడతా!"

రేవంతా గొల్లుమనేది. బావ కూడా నవ్వి, "నీకేం అన్నా, అదృష్టవంతుడివి" అనేవాడు. నేనూ నవ్వాను. ఇప్పుడు చెప్పకపోతే పాపం.

ఒకరోజు అక్క పడవ కోసం రేవులో నిలబడింది. బావ నడుంలోతు నీళ్ళలో, నోట్లో ఒక బ్రష్షు, చేతిలో ఒక బ్రష్షు. పక్కన నిలబడ్డ కొత్త మనిషెవరో, "ఎవరమ్మా ఆ పిచ్చాయన?" అని అడిగింది.

"ఏమోనండీ, నాకు తెలీదు" అనేసింది అక్క.

బావ విన్నాడు. నోట్లో బ్రష్షు తీసి, "ఆవిడకి తెలీదు లెండి, ఊరికి కొత్త" అన్నాడు.

అప్పటికి అక్క కాపరానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. ఇంటికొచ్చాక ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని అక్క నాతో ఎన్నిసార్లు అందో!

ఆ ఏడే బావకి జ్వరం తగిలింది. పద్దెనిమిది రోజులు మంచం దిగలేదు. రేపు రేవుకి పడవలు తనిఖీ చేసే ఆఫీసరు వస్తాడనగా, అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"సరంగు పడవకి పాచి పట్టేసుంటుందే."

"పట్టదుగా! చేతి చలవటగా!"

"చలవా లేదు, పాడూ లేదు. వాడి కుడి భుజం పైకి లేవదు. రెండేళ్ళయింది. తల కూడా ఎడం చేత్తో దువ్వుకుంటున్నాడు. చుక్కాని తిప్పగలడు గానీ పడవ కింద చెయ్యాడదు. వాడు రేవుకి రాకముందే నేను తోమేసి వస్తున్నా."

అక్క మంచం పట్టె మీద కూలబడింది. "మరి రోజూ అన్ని మాటలంటుంటే నోరెందుకు మూసుకున్నారు?"

"అననీ. వాడికి మిగిలింది ఆ నోరే." కాస్త దగ్గి, "పాచి చూశాడంటే ఆఫీసరు పడవని నెల్లాళ్ళు గట్టెక్కిస్తాడు" అన్నాడు. లోకంలో అందరూ గట్టెక్కాలనే మొక్కుకుంటారు. పడవ గట్టెక్కిందా, సరంగు మునిగినట్టే. "నువ్వు సిగ్గుపడతావని తెలుసే," అన్నాడు మళ్ళీ బావ. " నిన్ను అడగకూడదు. కానీ ఇంకెవరికి చెప్పినా వాడి గుట్టు బయటపడుతుంది."

"చస్తే వెళ్ళను" అంది అక్క.

తెల్లవారుతూనే వెళ్ళింది. చీర ఎగదోపుకుని, డబ్బాలో వెనిగర్ నీళ్ళు, కొంగులో నాలుగు బ్రష్షులు మూటకట్టుకుని, నడుంలోతు నీళ్ళలో దిగింది. పడవ కింద చెయ్యి పెడితే పచ్చటి పాచి జుట్టులా చేతికి చుట్టుకుంది. చూస్తున్నారేమోనని రివిట్‌కొకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ తోమింది. సగం అయ్యేసరికి గట్టు మీద దగ్గు వినిపించింది. సరంగు!

"ఏం చేస్తున్నావు చెల్లెమ్మా?"

ఉన్నదున్నట్టు చెబితే సరంగు పరువు పోతుంది, చెప్పకపోతే అక్కది.

"ఉంగరం జారిపోయిందన్నయ్యా. వెతుక్కుంటున్నా."

సరంగు ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"మీ ఆయన కూడా రోజూ అదే వెతికేవాడు. రెండేళ్ళనుంచీ చూస్తున్నా. దొరికిందా అని ఒక్కనాడూ అడగలేకపోయాను తల్లీ. ఎంత సిగ్గేస్తే అంత గట్టిగా అరిచాను."

అటు తిరిగి కూర్చుని, రేవులోకి ఎవరొచ్చినా, "ఇటు రాకండి, బురద! బురద!" అని కేకలేస్తూ కాపలా కాశాడు. అక్క మిగతా సగం తోమేసింది.

పది గంటలకి ఆఫీసరు వచ్చాడు. పడవని గట్టుమీదకి లాగించి, అడుగున అరచెయ్యి వేసి చూసి, "బాగుందయ్యా. ఏం వాడతావు?" అన్నాడు. రేవంతా గొప్పలు వినడానికి చెవులు నిక్కించుకుంది.

"నా చేతి..." అని ఆగాడు సరంగు. "నా చేతుల్లో ఏం లేదు సార్. మా బ్రష్షులాయన తోముతాడు. ఏం వాడతాడో ఆయన్నే అడగండి. ఇవాళ ఒంట్లో బాలేదు, ఇల్లు చూపిస్తాను రండి."

నిజంగానే తీసుకెళ్ళాడు. మంచం పక్కన ఆఫీసరు కూర్చుంటే బావకి సగం జ్వరం దిగిపోయింది. రాగి రంగు ఎందుకు కూడదో, తడారకముందే ఎందుకు తోమాలో గంటసేపు చెప్పి, ఆఖర్న, "సార్, మీ ఆఫీసులో పాత బ్రష్షులేమైనా ఉంటాయా?" అన్నాడు.

ఈసారి అక్క నేల వంక చూడలేదు. ఆఫీసరు మొహం చూసి పడీపడీ నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక, ఆ రోజు రేవులో "తెలీదు" అన్న మాటకి తప్పయిపోయిందని చెబుదామని అక్క మంచం దగ్గరకి వెళ్ళింది. ఆయన చెప్పనిస్తేనా! "వెనిగర్ పోయేలా మంచినీళ్ళతో కడిగావా? కడక్కపోతే సత్తు నల్లబడుతుంది. అతుకుల్లో చూశావా? వెనకవైపు చూశావా?" కడిగాను, చూశాను అని చెప్పడంతోనే సరిపోయింది.

బావ పోయేనాటికి ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు. అప్పటిదాకా రేవులో ఏ కొత్తవాళ్ళు ఎవరాయన అని అడిగినా, "మా ఆయనేనండీ" అనేది అక్క.